గృహవీక్షణ – భయానక చిత్రాలు: 1984 నాటి మూడు నిర్వచనాలు

తెలుగు సినిమా చరిత్రను మనం ఎక్కువగా రోజుల లెక్కలో రాసుకున్నాం. ఎన్ని కేంద్రాల్లో యాభై రోజులు, ఎన్ని కేంద్రాల్లో వంద రోజులు, ఎక్కడ రజతోత్సవం అన్న వివరాలు పత్రికల పాత సంచికల్లో సులువుగా దొరకడం ఇందుకు ఒక కారణం. ఆ లెక్క ప్రకారం వారం రోజులు ఆడి వెళ్లిపోయిన చిత్రానికి చరిత్ర లేదు. నేరకథలు, ఉత్కంఠ కథలు, దెయ్యం కథలు ఇతివృత్తంగా గల చిత్రాలు ఈ పద్ధతి వల్ల ఎక్కువగా నష్టపోయాయి. సినిమాహాలులో నిలవకపోయినా ఇళ్లలో ఏళ్ల తరబడి తిరిగిన చిత్రాలు ఈ కోవలో తక్కువేమీ లేవు. వాటి ప్రేక్షకులు టికెట్టు కొనలేదు. కనుక వసూళ్ల పట్టికలో వారికి చోటు లేదు.

అంతగా ప్రచారం పొందని ఇటువంటి చిత్రాలను ఇంట్లో కూర్చుని చూడటమనే అలవాటు ఎట్లా ఏర్పడింది, ఏ చిత్రం మిగలాలో ఏది మరుగున పడాలో ఎవరు నిర్ణయించారు అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించే ప్రశ్నలు. ఈ నిర్ణయంలో కళావిలువల పాత్ర చాలా పరిమితమనీ, చిత్రంపై ఉండవలసిన ఒక చిన్న హక్కు ప్రకటన, క్యాసెట్టుపై ఉండవలసిన ఒక చీటీ, చట్టంలోని ఒక పదబంధం అంతకంటె ఎక్కువ పని చేశాయనీ నా ప్రతిపాదన. అమెరికా, బ్రిటన్, భారతదేశం మూడూ 1984లోనే గృహవీక్షణను తమ తమ పద్ధతుల్లో నిర్వచించుకున్నాయి. మూడు నిర్వచనాలూ వేరు. వాటి ఫలితాలూ వేరు.

వీడియో యంత్రానికి ముందే ఈ చిత్రాలకు ఇంటితో సంబంధం ఉంది. అమెరికాలో టెలివిజన్ కేంద్రాలు అర్ధరాత్రి వేళ ఖాళీని చౌక చిత్రాలతో నింపేవి. ఆ ఖాళీలో బతికిన చిత్రం 1962 నాటి ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’. దర్శకుడు హెర్క్ హార్వీ కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో విద్యావిషయక చిత్రాలు, పరిశ్రమలకు పనికివచ్చే చిత్రాలు తీసే సెంట్రాన్ సంస్థలో ఉద్యోగి. గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున పాడుబడి ఉన్న సాల్ట్‌ఎయిర్ విహారశాలను చూసినప్పుడు ఆయనకు ఈ కథ ఊహ వచ్చింది. సుమారు 33,000 డాలర్లతో చిత్రం పూర్తయింది. వంతెన మీది నుంచి కారు నదిలో పడగా ఒక యువతి ఒంటరిగా ఒడ్డుకు వస్తుంది. ఆర్గాన్ వాయించే ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తుంది. పాలిపోయిన ముఖం గల ఒక పురుషుడు ఆమెకు అద్దాల్లో, కిటికీల్లో కనబడుతూ ఉంటాడు. చిత్రంలో రక్తపాతం దాదాపు లేదు. పంపిణీదారుల వైఫల్యంతో అది మరుగున పడింది, హార్వీ మళ్లీ కథాచిత్రం తీయలేదు. కానీ టెలివిజన్ ప్రసారాల వల్ల దానికి తెలియని ప్రేక్షకులు ఏర్పడుతూ వచ్చారు. 1989లో సినిమాహాళ్లలో పునర్విడుదల అయ్యేనాటికి ఆ చిత్రం పేరు వినని విమర్శకులకు దానిని చిన్నప్పుడు ఇంట్లో చూసినవారే పరిచయం చేయవలసి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

ఇది టెలివిజన్ కేంద్రాలకు అనుకూలించడానికి మరో కారణం ఉంది. 1909 నాటి అమెరికా చట్టం ప్రకారం కృతి మీద హక్కు ప్రకటన ముద్రించకుండా విడుదల చేస్తే హక్కు పోతుంది. ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ మీద ఆ ప్రకటన లేదు. ఇంతకంటె ప్రసిద్ధమైన ఉదాహరణ జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. పెన్సిల్వేనియాలో సుమారు 1,14,000 డాలర్లతో తీసిన ఈ చిత్రానికి మొదట పెట్టిన పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. పంపిణీ సంస్థ పేరు మార్చింది. పాత పేరున్న ఫలకం మీదనే హక్కు ప్రకటన ఉండేది. కొత్త ఫలకం మీద దానిని వేయడం మరిచారు. ఆ ఒక్క లోపంతో చిత్రం సర్వజనుల సొత్తయింది. వీడియో యుగం వచ్చాక ఎవరు పడితే వారు దాని క్యాసెట్టు వేసి అమ్మారు. తీసినవారికి రావలసిన డబ్బు రాలేదు. కానీ చిత్రం చేరని ఇల్లు లేదన్నంతగా వ్యాపించింది. ఒకే కారణం నిర్మాతకు అన్యాయమూ చిత్రానికి ఆయుష్షూ అయింది. చట్టచరిత్రకూ కళాచరిత్రకూ పొంతన కుదరదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడ ఒక అలంకారశాస్త్ర ప్రస్తావన అవసరం. భరతుడు భయానకానికి చెప్పిన విభావాలలో శూన్యగృహం ఒకటి, అరణ్యం మరొకటి. వికృతమైన ధ్వనులు, భూతదర్శనం కూడా అందులోనివే. ఇవి రంగం మీద ప్రదర్శితమయ్యే విభావాలు. చూసేవారు మాత్రం సామాజికులు, అంటే సభలో పదిమంది నడుమ కూర్చున్నవారు. పదిమందీ ఒకేసారి ఉలిక్కిపడటం, ఆ వెంటనే నవ్వుకోవటం సినిమాహాలులోనూ కనిపిస్తుంది. భయం రసంగా మారడానికి ఆ సహవాసం తోడ్పడుతుంది. అర్ధరాత్రి దీపాలార్పిన ఇంట్లో ఒంటరిగా చూసేవానికి ఆ సహవాసం లేదు. అతడు కూర్చున్న ఇల్లే శూన్యగృహం. తెర మీది విభావం చూసే చోటులోకి జరుగుతుంది. గృహవీక్షణలో భయానక చిత్రానికి లభించే అదనపు బలం ఇదేనని నా అభిప్రాయం. శృంగార చిత్రానికో, పౌరాణికానికో ఇంటికి రావడం వల్ల ఇటువంటి లాభం లేదు, పైగా తెర చిన్నదై నష్టమే. రక్తం, తెగిన అవయవాలు చూపి జుగుప్స పుట్టించేది భయానకం కాదు, బీభత్సం. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే బ్రిటన్ ఉదంతం బాగా బోధపడుతుంది.

సోనీ సంస్థ బీటామాక్స్ యంత్రాన్ని 1975లోనూ, జేవీసీ సంస్థ వీహెచ్ఎస్ యంత్రాన్ని 1976లోనూ ప్రవేశపెట్టాయి. మొదటి బీటామాక్స్ క్యాసెట్టు నిడివి ఒక గంట. వీహెచ్ఎస్ నిడివి రెండు గంటలు. ఒక గంటలో టెలివిజన్ కార్యక్రమం పడుతుంది, సినిమా పట్టదు. వీహెచ్ఎస్ గెలుపుకు ఇదొక్కటే కారణం కాకపోయినా ఇంట్లో సినిమా చూడటమనే ఆలోచనకు తగిన యంత్రం అదే.

హాలీవుడ్ సంస్థలకు ఈ యంత్రం శత్రువుగా కనిపించింది. యూనివర్సల్ సంస్థ 1976లో సోనీ మీద దావా వేసింది. 1984 జనవరి 17న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు, నలుగురుగా చీలి తీర్పు ఇచ్చింది. టెలివిజన్‌లో వచ్చే కార్యక్రమాన్ని ఇంట్లో నమోదు చేసుకుని వీలైనప్పుడు చూడటం న్యాయమైన వినియోగమేనని అయిదుగురి అభిప్రాయం. కాలాన్ని జరపడం అన్న భావన ఈ తీర్పుకు కీలకం. అమెరికా నిర్వచనంలో ఇల్లు అంటే చూసేవాని చేతిలోని కాలం. రాత్రి రెండు గంటలకు వేసే చిత్రాన్ని మరునాటి మధ్యాహ్నానికి జరుపుకోవచ్చు. ఏవేళకు పడితే ఆవేళకు నెట్టివేసిన చిత్రాలకే దీనివల్ల ఎక్కువ మేలు జరిగిందని వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు, ఒకసారి కొన్న క్యాసెట్టును హక్కుదారు అనుమతి లేకుండానే అద్దెకు ఇచ్చుకునే వీలు అక్కడి చట్టంలో ముందునుంచీ ఉంది. అద్దె దుకాణాల అరలు నింపడానికి పెద్ద చిత్రాలు చాలవు కనుక చిన్నవీ వచ్చి చేరాయి.

బ్రిటన్‌లో అరలు ముందే నిండాయి. పెద్ద సంస్థలు తమ చిత్రాలను క్యాసెట్టుగా ఇవ్వడానికి వెనుకాడుతున్న కాలంలో చిన్న వ్యాపారులు ఇటలీ, స్పెయిన్, అమెరికాల నుంచి చౌకగా దొరికే భయానక చిత్రాలు తెచ్చి వేశారు. సినిమాహాలులో వేసే చిత్రానికి సెన్సారు ఉంది గాని క్యాసెట్టుకు లేదు. 1982లో ఏబెల్ ఫెరారా చిత్రం ‘డ్రిల్లర్ కిల్లర్’ ప్రకటనా చిత్రంపై ఫిర్యాదులు వచ్చాయి. అదే సంవత్సరం మే నెలలో సండే టైమ్స్ ప్రచురించిన వ్యాసం శీర్షికకు, బజారు దుకాణాల్లోని భయానకం ఇంటిపై దండెత్తుతున్నదన్న అర్థం వస్తుంది. దండయాత్ర ఇంటి మీద అన్నది గమనార్హం. మేరీ వైట్‌హౌస్ నాయకత్వంలోని ప్రేక్షకుల, శ్రోతల సంఘం ఈ ఆందోళనను ఉద్యమంగా మలిచింది. అశ్లీల ప్రచురణల చట్టం కింద పోలీసులు దుకాణాలపై దాడులు చేశారు. ఏ చిత్రాన్ని స్వాధీనం చేసుకోవాలో తెలియక ప్రాంతానికొక తీరుగా వ్యవహరించడంతో పబ్లిక్ ప్రాసిక్యూషన్ల డైరెక్టర్ 1983లో ఒక జాబితా విడుదల చేశాడు. కాలక్రమంలో అందులో చేరుతూ, తొలగుతూ వచ్చిన చిత్రాలు మొత్తం 72. వాటిలో 39 చిత్రాల మీద నేరం రుజువైంది.

ఆ జాబితాను పరిశీలిస్తే అది ఎంత గజిబిజిదో తెలుస్తుంది. రుగ్గెరో దెవొదాతో తీసిన ‘కానిబాల్ హోలోకాస్ట్’ వంటి కేవల బీభత్సం అందులో ఉంది. ఆంద్రేజ్ జులావ్‌స్కీ తీసిన ‘పొసెషన్’ కూడా ఉంది. ఒక దాంపత్యం విచ్ఛిన్నమయ్యే తీరును పిశాచకథగా చెప్పిన ఈ చిత్రంలో నటనకు ఇజబెల్ అజానీ 1981 కాన్ ఉత్సవంలో ఉత్తమ నటిగా గౌరవం పొందింది. శామ్ రైమీ చిత్రం ‘ఈవిల్ డెడ్’ను సెన్సారు బోర్డు కొన్ని కోతలతో అనుమతించింది. అదే రూపంలో క్యాసెట్టుగా వచ్చినప్పుడు పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. చిత్రం ఒకటే, చోటు మారింది. మారిన చోటే నేరమైంది.

1984 జులైలో చట్టమైన వీడియో రికార్డింగుల బిల్లును ప్రవేశపెట్టినవాడు గ్రేహం బ్రైట్ అనే కన్సర్వేటివ్ సభ్యుడు. ఆ చట్టంలో నాకు అత్యంత ఆసక్తికరంగా కనిపించేది ఒక పదబంధం. క్యాసెట్టుకు ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు, దానిని ఇంట్లో చూసే అవకాశం ఉన్నదన్న సంగతిని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకోవాలని ఆ నిబంధన సారాంశం. వీక్షణ స్థలాన్ని బట్టి కృతి విలువ మారుతుందని చట్టం అంగీకరించిన సందర్భమిది. అలంకారికులు చర్చించవలసిన విషయాన్ని పార్లమెంటు తేల్చేసిందన్నమాట. ఈ నిబంధన ఫలితం ‘ఎక్సార్సిస్ట్’ విషయంలో బాగా కనిపిస్తుంది. 1973 నాటి ఆ చిత్రాన్ని బ్రిటన్‌లో సినిమాహాలులో చూడటానికి అభ్యంతరం లేదు. చట్టానికి ముందు వచ్చిన క్యాసెట్టు మాత్రం 1988లో అంగడి నుంచి వైదొలగింది. 1999 దాకా దానికి గృహవీక్షణ ధ్రువపత్రం రాలేదు.

అయితే ఇంత పేరున్న చిత్రానికి ఎప్పటికైనా న్యాయం జరుగుతుంది. అసలు నష్టం పేరులేని చిత్రాలది. అప్పటికే అంగట్లో ఉన్న క్యాసెట్టులన్నిటికీ గడువులోగా ధ్రువపత్రం పొందాలి. నిడివిని బట్టి రుసుము చెల్లించాలి. కొద్దిపాటి ప్రతులు మాత్రమే అమ్ముడయ్యే చిత్రానికి ఆ రుసుము గిట్టుబాటు కాదు. వాటిని ఎవరూ నిషేధించలేదు. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, అంతే. నిషేధిత చిత్రానికి జాబితాలో పేరుంది. దరఖాస్తు లేని చిత్రానికి అదీ లేదు. నిషేధం కంటె రుసుమే ఎక్కువ చిత్రాలను మరుగుపరచిందని ఇందువల్ల ఊహించవచ్చు. పోతే, ఈ చట్టాన్ని ఐరోపా కమిషన్‌కు ముందుగా తెలియజేయనందున అది అమలు చేయదగినది కాదని పాతికేళ్ల తరువాత, 2009లో బయటపడింది. 2010 ఆరంభంలో మళ్లీ ఆమోదించుకోవలసి వచ్చింది. చరిత్రకు హాస్యరసం మీద కూడా మక్కువ ఉన్నట్లుంది.

భారతదేశంలో వీడియో వ్యాప్తికి 1982 నాటి ఆసియా క్రీడలు, వాటితో వచ్చిన వర్ణ టెలివిజన్ ప్రసారాలు దోహదం చేశాయి. యంత్రం ఖరీదు మధ్యతరగతికి అందేది కాదు. అందువల్ల తెలుగు పట్టణాల్లో కొనడం కంటె అద్దెకు తేవడమే రివాజయింది. పండుగకో, పెళ్లికో, సెలవులకో వీసీఆర్‌ను ఒక రాత్రికి తెచ్చి, అద్దె గిట్టేలా తెల్లవారేలోగా మూడు నాలుగు సినిమాలు చూసేవారు. ఇరుగుపొరుగు చాపలు వేసుకుని చేరేవారు. ఇష్టమైన కథానాయకుని చిత్రం ముందు, పిల్లలు నిద్రపోయాక దెయ్యం సినిమా చివర. బ్రిటన్ చట్టం ఊహించిన ఇల్లు వేరు, ఈ ఇల్లు వేరు. అక్కడి శాసనకర్తల మనసులో ఉన్నది పెద్దలు లేని గదిలో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడు. ఇక్కడ ఇల్లే ఒక చిన్న సినిమాహాలు. శూన్యగృహం గురించి పైన చేసిన ప్రతిపాదనను ఈ సందర్భంలో కొంత సవరించుకోవాలి. వీధి అంతా కలిసి చూసిన రాత్రి భయం తెల్లవారుజామున ఎవరింటికి వారు వెళ్లేటప్పుడు మొదలవుతుంది.

ఈ అద్దె వ్యవస్థ తెలుగువారికి కొత్త కాదన్న సంగతిని సినిమా చరిత్రకారులు తగినంతగా గుర్తించలేదు. రోజుకింత అని నవలలు అద్దెకిచ్చే దుకాణాలు అప్పటికే ఊరూరా ఉన్నాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఇంటింటికీ వెళ్లింది అటువంటి దుకాణాల ద్వారా కూడా. 1980ల ఆరంభంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో ధారావాహికగా వచ్చి, క్షుద్రసాహిత్యమన్న విమర్శను, అశేష పాఠకాదరణను ఏకకాలంలో పొందింది. దాని కొనసాగింపైన ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ చిత్రం వచ్చింది. ఇంట్లో, రాత్రివేళ, ఒంటరిగా భయపడటాన్ని తెలుగు పాఠకుడు నవల ద్వారా ముందే అభ్యసించాడు. క్యాసెట్ల దుకాణం ‘వీడియో లైబ్రరీ’ అన్న పేరు పెట్టుకోవడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ సభ్యత్వం, ధరావతు, ఆలస్య రుసుము, చేతిరాత ఖాతాపుస్తకం అన్నీ అద్దె పుస్తకాల దుకాణం నుంచి సంక్రమించినవే. నవలాపఠన చరిత్రనూ గృహవీక్షణ చరిత్రనూ వేరువేరు శాఖలుగా చూడటం వల్ల ఈ వారసత్వం మన దృష్టికి రాలేదు.

భారత ప్రభుత్వం గృహవీక్షణను చౌర్యం అన్న కోణం నుంచి చూసింది. 1984లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ వీడియో చిత్రాన్ని చలనచిత్ర నిర్వచనంలో చేర్చింది, శిక్షలు పెంచింది, 52ఎ అనే కొత్త సెక్షను చేర్చింది. దాని ప్రకారం ప్రతి వీడియో చిత్రంలోనూ, క్యాసెట్టు పెట్టె మీదా మూడు వివరాలు ఉండాలి. సెన్సారు ధ్రువపత్రం అవసరమైన చిత్రమైతే దాని నకలు, క్యాసెట్టు తయారు చేసినవారి పేరు, చిరునామాతోపాటు హక్కుదారు అనుమతి పొందినట్లు ప్రకటన, హక్కుదారు పేరు, చిరునామా. అవి లేకపోతే మూడేళ్ల దాకా జైలు. ఇక్కడ పైన చెప్పిన రొమేరో చిత్రాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవాలి. అమెరికాలో హక్కు ప్రకటన లేకపోవడం చిత్రాన్ని అందరి సొత్తు చేసింది. ఇక్కడ వివరాల చీటీ లేకపోవడం దుకాణదారును నేరస్థుణ్ణి చేస్తుంది. 1994 సవరణ మరొక అడుగు వేసి, ఇదివరకే అమ్మిన ప్రతి అయినా సరే దానిని అద్దెకిచ్చే హక్కు కూడా హక్కుదారుదేనని స్పష్టం చేసింది. అమెరికా దుకాణదారుకు ఉన్న వెసులుబాటు ఇక్కడివారికి లేకుండా పోయింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక పక్షంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు ఈ సందర్భంలో ముఖ్యమైనది. చిత్రాల హక్కుదారులెవరో సాక్ష్యంతో తేల్చనిదే క్యాసెట్లు ఉంచుకున్న వ్యక్తికి శిక్ష వేయడం చెల్లదన్న హైకోర్టు అభిప్రాయాన్ని సుప్రీంకోర్టు 1996లో తోసిపుచ్చింది. చట్టం కోరిన వివరాలు క్యాసెట్టు మీద లేకపోవడమే నేరానికి చాలునని తేల్చింది. నేరవిచారణ దృష్ట్యా ఈ వ్యాఖ్యానం సబబే కావచ్చు. చరిత్రకారునికి మాత్రం ఇందులో ఒక చిక్కుంది. హక్కుదారును వెతకనక్కరలేదంటే, స్వాధీనమైన క్యాసెట్టులో ఉన్నది ఎవరి చిత్రం, ఏ దేశపు చిత్రం అన్నది రికార్డుకెక్కవలసిన అగత్యమూ తగ్గిపోతుంది.

ఈ చీటీలేని క్యాసెట్ల లోకం తెలుగు సినిమాకు ఏమీ ఇవ్వలేదా? రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ (1989) తీయకముందు హైదరాబాదులో వీడియో లైబ్రరీ నడిపిన సంగతి విదితమే. ఆయన తెలుగు, హిందీ భాషల్లో ఏకకాలంలో తీసిన ‘రాత్రి’ 1992లో విడుదలైంది. పాతకోటలు, బేతాళులు, మాంత్రికుల గుహలు గల జానపద సంప్రదాయాన్ని ఆ చిత్రం చాలావరకు వదిలివేసింది. మధ్యతరగతి కుటుంబం దిగిన మామూలు అద్దె ఇల్లు, ఒక పిల్లి, కారిడార్లలో మెల్లగా జరిగే కెమెరా దానికి సరిపోయాయి. నిండుగా ఉన్న సినిమాహాలు రేవతి పాత్రకు ఒక్కసారిగా ఖాళీగా కనబడే ఘట్టం అందులో ఉంది. పదిమంది నడుమ ఉన్న సామాజికురాలి నుంచి ఆ పదిమందినీ తొలగించివేయడం అది. సభ శూన్యగృహంగా మారిపోతుంది. అంతకుముందు 1985లో వంశీ ‘అన్వేషణ’ భరతుని రెండవ విభావాన్ని, అంటే అరణ్యాన్ని తీసుకుని నేరపరిశోధన కథ నడిపింది. దాని బలం ధ్వనిలోనూ నీడల్లోనూ ఉంది. ‘రాత్రి’ బలం చూసేవాని ఇంటికీ తెర మీది ఇంటికీ ఉన్న పోలికలో ఉంది. గృహవీక్షణలో పెరిగిన దర్శకుడే ఇటువంటి చిత్రం తీయగలడని అనను గాని, క్యాసెట్టు దుకాణం నుంచి వచ్చినవానికి ఆ పోలిక తట్టడం సహజమే.

ఆధారాల విషయంలో బ్రిటన్ పరిశోధకులు మనకంటె అదృష్టవంతులు. అణచివేయడానికి తయారుచేసిన 72 చిత్రాల జాబితా తరువాతి తరానికి చూడవలసిన చిత్రాల పట్టికగా మారింది. సేకర్తలు వాటన్నిటినీ వెతికి పట్టుకున్నారు. మన దగ్గర అటువంటి జాబితా ఎవరూ తయారుచేయలేదు. మిగిలినవల్లా వీడియో లైబ్రరీల ఖాతాపుస్తకాలు. తేదీ, సభ్యుని సంఖ్య, క్యాసెట్టు సంఖ్య, పొట్టిగా రాసిన సినిమా పేరు, తిరిగి ఇచ్చినట్లు ఒక గీత. ఒక్క వీధిలో ఒక్క వేసవిలో ఏ చిత్రం ఎన్ని ఇళ్లకు వెళ్లిందో చెప్పగలిగినవి అవే. దుకాణాలు సెల్‌ఫోన్ల మరమ్మతు కేంద్రాలుగానో, జిరాక్స్ కేంద్రాలుగానో మారిన చోట్ల యజమానులు ఇంకా ఉన్నారు. అద్దె నవలల దుకాణాల పుస్తకాలనూ వీటినీ పక్కపక్కన పెట్టి ఒక జిల్లాకైనా లెక్క తీయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. కాగితం పాతదయ్యేకొద్దీ సిరా వెలిసిపోతున్నది కనుక పని ఆ పుస్తకాల నకళ్లు తీయడంతో మొదలుకావాలి.